రెండు పేపర్ల నడుమ పొట్టు పొయ్యి

మా వీధి మొదట్లో ఉన్న టీ అంగట్లో రెండు బెంచీలుంటాయి. ఒకటి ఒక పేపరు చదివేవాళ్ళది, రెండోది రెండో పేపరు చదివేవాళ్ళది. అలాగని ఎక్కడా రాసి పెట్టలేదు. ప్రొద్దుటూరులో పుట్టి పెరిగిన మనిషికి ఆ సంగతి ఒకరు చెప్పాల్సిన పనీ లేదు. పేపరును బట్టి పార్టీ, పార్టీని బట్టి బెంచీ. టీ అంగడాయన రెండు పేపర్లూ తెప్పిస్తాడు గానీ ఈ బెంచీ పేపరు ఆ బెంచీకి పోదు. రాశిఫలాలు, చనిపోయినవాళ్ళ ఫోటోలు ఉండే పేజీలు మాత్రం అటూ ఇటూ చేతులు మారతాయి. శనికీ చావుకూ పార్టీ లేదు మరి.

మా ఆయనది గోడవైపు బెంచీ. బస్సు కండక్టరుగా రిటైరయినప్పటి నుంచి పొద్దున్నే అక్కడికి పోయి, పేపరు మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చదివి, ఇంటికొచ్చి నాకు అప్పజెబుతాడు. మా అన్నది రోడ్డువైపు బెంచీ. ఆయన బడిపంతులుగా చేసి రిటైరయినవాడు, మా ఎదురిల్లే. బావా బావమరుదులిద్దరూ పండగకు ఒకే పంక్తిలో కూర్చుని తింటారు. ఒకరు ఆసుపత్రికి పోవాల్సి వస్తే ఇంకొకరు తోడు పోతారు. పేపరు చేతికొస్తే మాత్రం ఒకరి ముఖం ఒకరు చూసుకోరు. ఇద్దరికీ మధ్య నేను, ఒకరికి పెళ్ళాన్ని, ఇంకొకరికి చెల్లెల్ని. ఒకే రోజు జరిగిన ఒకే సంగతికి పొద్దున ఒక కథ, సాయంత్రం ఒక కథ విని విని, లోకంలో ఏం జరుగుతోందో తెలుసుకోవాలన్న ఆశే నాకు చచ్చిపోయింది.

నా పని ఓళిగలు చేయడం. శనగబేడలు ఉడికించి, బెల్లం కలిపి రుబ్బి, ఆ పూర్ణాన్ని పిండిలో పెట్టి తట్టి, పెనం మీద కాలుస్తాం. మా ఆయన రిటైరయినాక ఇంటి వెనక రేకుల పంచలో మొదలుపెట్టాను. మొదట వీధిలో సీమంతాలకు, తర్వాత ఊళ్ళో పెళ్ళిళ్ళకు. పక్కింటి తురకలామె, వీధంతా ఆపా అని పిలుస్తారు, నాకు కుడిచెయ్యి. ఆమె తట్టే ఓళిగ ఎంత పల్చగా ఉన్నా అంచు చిరగదు. ఆమె కొడుకు కువైట్‌లో కారు నడుపుతాడు.

ఒక ఏడాది జమ్మలమడుగు నుంచి ఒక పెద్ద పెళ్ళి వచ్చింది. బట్టల వ్యాపారం చేసే షావుకారు ఇల్లు. ఆ ఇంటి పెద్దామె స్వయంగా వచ్చి, నా పంచలో పీట మీద కూర్చుని, రెండు ఓళిగలు తిని, రెండు వేలు కావాలంది. ఈ పెళ్ళి బాగా జరిగితే వాళ్ళ బంధువుల ఇళ్ళలో ఏ కార్యమైనా నాకే అంది. నేను అప్పటిదాకా అంత పెద్ద పని చూడలేదు. పట్టుకుంటే ఆపా, నేను, ఇంకో నలుగురు ఆడవాళ్ళు ఏడాది పొడుగునా పనికి వెతుక్కోకుండా బతకొచ్చు. పోగొట్టుకుంటే మళ్ళీ వీధి సీమంతాలే. ధర ఆ రోజే మాట్లాడుకున్నాం, చేయి కలిపాం.

అప్పుడు యుద్ధం మొదలయింది.

అది జరిగేది ఎక్కడో గల్ఫ్ వైపు. దాని వేడి మాత్రం ముందు మా వంటింటికే తగిలింది. అప్పటికే కరెంటు బిల్లు సర్దుబాటు చార్జీలంటూ నెల నెలా బరువెక్కుతోంది. ఇప్పుడు వ్యాపారానికి వాడే పెద్ద గ్యాసు బండ ధర పెరిగింది, పెరిగిందాని మీద మళ్ళీ పెరిగింది. టీవీ పెడితే ఎర్రక్షరాలు, మంటలు, అరుపులు. సముద్రంలో ఓడలు ఆగిపోయాయని ఒకడు, రేపటికి వంట గ్యాసే ఉండదని ఇంకొకడు. ఫోన్లలో వచ్చేవాటికి తలా తోకా లేదు.

మా వీధి ఏం చేసిందో చెబితే వేరే ఊరివాళ్ళు నమ్మరు. మా అన్న పేపరు గ్యాసు కరువొచ్చిందని రాసింది. మా ఆయన పేపరు కరువూ లేదు గిరువూ లేదు, వదంతులు నమ్మొద్దు అని రాసింది. అంతే, రోడ్డువైపు బెంచీవాళ్ళంతా ఇంట్లో ఎంతమంది పేర్లుంటే అన్ని పేర్ల మీదా బండలు తెచ్చుకుని మంచాల కింద పెట్టుకున్నారు. గోడవైపు బెంచీవాళ్ళు ఒక్కరంటే ఒక్కరు బుక్ చేయలేదు. బుక్ చేస్తే అవతలి పేపరు నిజం చెప్పినట్టు అవుతుందట! పొయ్యి మీద అన్నం సగం ఉడికి ఆగిపోయినా, ఆడవాళ్ళు నెత్తీ నోరూ బాదుకున్నా వాళ్ళు కదల్లేదు. వాళ్ళు పేపరును నమ్మేది అందులో ఉన్నది నిజమని కాదు, అది మనదని.

పెళ్ళికి పెద్ద బండలు కావాలని, పోయి చెప్పి రమ్మని నేను మా ఆయనకు ముందునుంచీ చెబుతూనే ఉన్నాను. రేపు పోతాను, రేపు పోతాను అంటూ వచ్చాడు. పెళ్ళి శుక్రవారమనగా ఆదివారం నాడు నేనే ఏజెన్సీకి ఫోన్ చేశాను. పెద్ద బండలు ఇప్పట్లో లేవు, ఎప్పుడొస్తాయో చెప్పలేం అన్నారు.

"ఏమయ్యా, బండకు చెప్పినావా ల్యాదా?"

"చెప్పేదేముండాది? కొరత ల్యాదు. పేపర్లో రాసిండారు గదా."

"కొరత ల్యాకుంటే మన బండేదయ్యా?"

"వస్తాండాది."

"యాడికొచ్చింది?"

"వస్తాండాదంటే వస్తాండాది, అంతే."

ఆ మనిషితో మాట్లాడటం కంటే గోడతో మాట్లాడటం నయమనిపించి ఎదురింటికి పోయాను. మా అన్న మంచం కింద మూడు బండలు వరసగా ఉన్నాయి, పైన దుప్పటి కప్పి.

"అన్నా, అవి నాకియ్యి. గ్యాసొచ్చినాక మల్లా నీకు తెచ్చిస్తా."

"ఇస్తా అమ్మీ. నీకు గాకుంటే ఎవురికిస్తా? కాకుంటే మీ ఆయన్ను రేపు పొద్దున్నే టీ అంగడికి రమ్మను. నా బెంచీలో కూచ్చోని, మా పేపర్లో రాసిందే నిజమని అందరూ ఇనేటట్ల ఒక్క మాట చెప్పమను."

ఆ మాట తెచ్చి మా ఆయనకు చెప్పాను. "నా పానం పోయినా చెప్పను" అన్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. నా రెండు వేల ఓళిగలు, ఆరుగురు ఆడవాళ్ళ బతుకు, ఇద్దరు ముసలివాళ్ళ రెండు పేపర్ల మధ్య ఇరుక్కున్నాయి.

సోమవారం పొద్దున నేను ఎవరికీ చెప్పకుండా షేర్ ఆటో ఎక్కి ఎర్రగుంట్ల దారిలో ఉన్న గ్యాసు గోడౌనుకు పోయాను. అసలు గ్యాసు ఉందా లేదా అని ఎవరో రాసింది వినడమెందుకు, పోయి చూస్తే పోలేదా? గేటు ఎదురుగా వేపచెట్టు నీడలో కూర్చున్నాను. సిమెంటు లారీలు దుమ్ము లేపుకుంటూ పోతున్నాయి. మధ్యాహ్నానికి బండల లారీ ఒకటి వచ్చింది, సగం ఖాళీగా. నేను లేచి కొంగు దులుపుకుని డ్రైవరు దగ్గరికి పోయాను.

"ఏమప్పా, లోడు వస్తాండాదా, నిలిచిపోయిండాదా? ఓళిగలు కాల్చేదానికి నాకు పెద్ద బండ కావల్ల."

"యాడ నిలిచిపోయిందక్కా? వస్తాండాది. ముందు దినామూ వచ్చేటోన్ని. ఇప్పుడు దినం మార్చి దినం. అది గూడా సగమే. చిన్న బండలు ఇండ్లకు ఇస్తాండారు. పెద్దవి ముందు ఆసుపత్రులకు, హాస్టళ్ళకు. మీ అట్లాటోల్ల వంతు శానా ఆలస్యం."

అంతే సంగతి. కరువూ కాదు, కరువు లేకపోవడమూ కాదు. ఇద్దరి పేపర్లలోనూ లేనిది ఆ డ్రైవరు ఒక్క నిమిషంలో చెప్పాడు. తిరిగి వచ్చేటప్పుడు ఆటోలో నాకు ఎందుకో నవ్వొచ్చింది, గర్వంగా కూడా అనిపించింది. ఎవరూ రాయకముందే, ఎవరూ చదివి వినిపించకుండానే ఒక వార్త నా కళ్ళతో నేను తెలుసుకున్నాను. ఇంటికొచ్చి వీధి ఆడవాళ్ళందరినీ పిలిచి ఉన్నదున్నట్టు చెప్పాను. ఇంటి బండ బుక్ చేసుకోండి, ఆలస్యమైనా వస్తుంది, మొగుళ్ళ మాట వినొద్దు అన్నాను. ఆ సాయంత్రం గోడవైపు బెంచీవాళ్ళ ఇళ్ళలో పెళ్ళాలే ఫోన్లు తీసి బుక్ చేశారు.

అయితే నా పెద్ద బండ శుక్రవారంలోగా రాదని కూడా అర్థమయింది. కరెంటు పొయ్యి కొందామన్నాడు మా ఆయన. దాని మీద నా పెనం పట్టనే పట్టదు, పైగా ఆ బిల్లు చూస్తే ఓళిగల మీద వచ్చేదంతా దానికే. కట్టెలకు పోతే ఊళ్ళో హోటళ్ళవాళ్ళంతా అప్పటికే కట్టెల మీద పడ్డారు. కట్టెమంటతో ఓళిగకు ఇంకో చిక్కు. ఒకసారి ఎగుస్తుంది, ఒకసారి తగ్గుతుంది, ఒక పక్క మాడి ఒక పక్క పచ్చిగా ఉంటుంది.

అప్పుడు నాకు పులివెందులలో మా అత్త గుర్తొచ్చింది. ఆమె బస్టాండు దగ్గర బోండాలు వేసేది. నేను కొత్తకోడలుగా ఆ ఇంటికి పోయినప్పుడు ఆమె నాకు మొదట నేర్పిన పని రంపంపొట్టు పొయ్యి కట్టడం. ఇనుప డ్రమ్ము అడుగున ఒక బొక్క పెడతారు. లోపల నడుమ నున్నటి మొద్దు ఒకటి నిలబెడతారు, బొక్కలోంచి ఇంకో మొద్దు అడ్డంగా దూర్చి దానికి ఆనిస్తారు. చుట్టూ పొట్టు పోసి గట్టిగా దంచి కూరుతారు. మొద్దులు మెల్లగా తిప్పి లాగేస్తే లోపల గాలి దారి మిగులుతుంది. అంటిస్తే మంట ఎగరదు, పొగ రాదు, పూటంతా ఒకే సెగ. ఓళిగకు కావలసింది సరిగ్గా అదే.

జమ్మలమడుగు రోడ్డులో కట్టెల మిషనుకు పోతే అక్కడ హోటళ్ళవాళ్ళు కట్టెల కోసం కొట్లాడుకుంటున్నారు. వెనక పొట్టు గుట్టలాగా పడి ఉంది, దాని వైపు చూసినవాడు లేడు.

"పొట్టు ఏం చేసుకుంటావమ్మా? ఎనుముల కింద పరుస్తావా?" అన్నాడు మిషనాయన.

"దాంతో పెండ్లి చేస్తా" అన్నాను.

ఆయన నవ్వి, మోసుకుపోయినంత మోసుకుపొమ్మన్నాడు.

మంగళవారం జమ్మలమడుగు పెద్దామె ఫోన్ చేసింది. "ఏమ్మా, టీవీలో గ్యాసు ల్యాదంటాండారు. మా కొడుకు బెంగళూరు నుంచి ఓళిగలు డబ్బాల్లో తెప్పిస్తామంటాండాడు. నువ్వు చెయ్యగల్గుతావా?"

"చేస్తానమ్మా."

"గురువారం పొద్దుగూకక ముందు సరుకు నా ఇంట్లో ఉండల్ల. ల్యాకుంటే డబ్బాలే. పెండ్లి నా మనవరాలిది, ఆటలు గాదు."

"ఉంటాది" అన్నాను. ధర మాట ఆమె ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. ఒప్పుకున్నది ఒప్పుకున్నదే.

బుధవారం మా పంచలో రెండు డ్రమ్ములు పెట్టాం. ఒకరు మొద్దు నిటారుగా పట్టుకోవాలి, ఒకరు పొట్టు దంచాలి. ఆడవాళ్ళం బేడలు ఏరుకుంటూ ఉంటే మా ఆయనను ఆ పనిలోకి దించాను. ఎలా కూలిపోతుందో చూద్దామని మా అన్న కూడా వచ్చాడు. వచ్చినవాడిని ఊరికే నిలబెట్టడమెందుకని మొద్దు ఆయన చేతికిచ్చాను. సగం నిండిందో లేదో ఇద్దరూ మొదలుపెట్టారు.

"సూడు బావా, కరువు ల్యాకుంటే ఈ పొట్టెందుకు కూరుతాండావు?"

"నీ అట్లాటోల్లు మంచాల కింద దాంచిపెట్టుకుంటే యాడుంటాది?"

"మా పేపర్లో ముందే రాసినారు."

"రాస్తారు, రాస్తారు! రాసేదానికేం పోయింది?"

అన్న చేతిలో మొద్దు ఊగింది. పొట్టంతా బుసబుసమని నడుమకు జారి, కట్టిన పొయ్యి కుప్పకూలింది. నాకు కళ్ళు తిరిగినంత కోపం వచ్చింది. చేతిలో ఉన్న చేట నేలకు కొట్టాను.

"మీ నోర్లు కదిల్తే మొద్దు కదుల్తాది, మొద్దు కదిల్తే పొయ్యి కూల్తాది! నాది కూడు, మీది పేపరు. ఇద్దరూ గమ్మునుండి కూరితే కూరండి, ల్యాకుంటే లేచి పోండి ఈడ నుంచి!"

 మా అన్న మొద్దు మళ్ళీ నిలబెట్టాడు. మా ఆయన పొట్టు పోశాడు. ఒకరు పట్టుకుంటే ఒకరు దంచారు, కళ్ళతోనే చెప్పుకుంటూ, దీన్ని అటు, దాన్ని ఇటు అని. మధ్యాహ్నానికి రెండు పొయ్యిలూ నిలబడ్డాయి. మొద్దులు లాగేటప్పుడు అందరం బేడలు వదిలి చుట్టూ చేరాం. పిడికెడు పొట్టు కూడా రాలలేదు.

చెమట తుడుచుకుంటూ అన్న నా దగ్గరికొచ్చి మెల్లగా అన్నాడు, "ఆ బండలు తీసుకపో అమ్మీ. ఎవురూ యాడా ఏమీ చెప్పాల్సిన పన్ల్యా."

"నాకొద్దులే. ఈదిలో పాలు కాంచుకునేదానికి గ్యాసు ల్యాని బాలింత ఉండాది, రెండిండ్లలో ముసిలోల్లుండారు. వాల్లకియ్యిపో."

 ఆ సాయంత్రం మా ఆయన ఒక పక్క, మా అన్న ఒక పక్క పట్టుకుని మూడు బండలూ మూడిళ్ళకు మోశారు. ఆ బాలింత మొగుడిది గోడవైపు బెంచీ. నేను కిటికీలోంచి చూస్తూ గట్టిగానే నవ్వాను.

గురువారం తెల్లవారగానే పొయ్యిలు అంటించాం. సెగ ఎర్రగా, నిలకడగా లేచింది. మొదటి ఓళిగ పెనం మీద వేసి తిప్పితే అన్ని వైపులా బంగారు రంగు తిరిగింది. నాకు కళ్ళలో నీళ్ళొచ్చాయి, పొగతో కాదు. పొగ లేనే లేదు. ఆరుగురం వరసగా కూర్చున్నాం, ఇద్దరు రుబ్బుతూ, ముగ్గురు తడుతూ, నేను పెనాల దగ్గర. మగవాళ్ళిద్దరూ చల్లారినవాటిని విస్తరాకుల మీద పేర్చారు.

ఆపా ఆ రోజు తల ఎత్తలేదు. ముందురోజు నుంచీ కువైట్‌కు ఫోన్ కలవడం లేదు. టీవీలో ఊరికి ఊరే కాలిపోతున్నట్టు చూపించారట. రాత్రంతా అదే పెట్టుకుని కూర్చుందట. ఇంటికి పోయి పడుకోమంటే, "ఆడ ఆ మంటలే సూడల్ల అక్కా, ఈడ చేతికి పనుంటాది" అంది. ఎండ ఎక్కినాక ఫోన్ మోగింది. ఆమె చేతుల నిండా పిండీ నూనే. నేనే ఫోన్ తీసి ఆమె చెవికి పెట్టాను. కొడుకు గొంతు నాకూ వినిపించింది. నెట్టు పోయిందమ్మీ, నేను బాగున్నా, ఇప్పుడే రొట్టెలు తెచ్చుకునేదానికి అంగడికొచ్చినా అంటున్నాడు. టీవీలో ఊరు కాలిపోతాండాది గదరా అని ఆపా ఏడుస్తూ అడిగింది. ఆడెక్కడో దూరంగా పడిందమ్మీ, మా ఈదిలో అంగళ్ళన్నీ తెరిచే ఉండాయి, నువ్వా టీవీ ఆపు అన్నాడు. ఆపా ఫోన్‌లోనే కొడుకును ఒక తిట్టు తిట్టి, కొంగుతో ముఖం తుడుచుకుని, అప్పటి నుంచి ఇద్దరి పని ఒక్కతే చేసింది. పంచంతా మళ్ళీ మాటలతో నిండిపోయింది.

పొద్దు వాలకముందే గంపలు ఆటోలోకెక్కించి జమ్మలమడుగు చేరాం. పెద్దామె వాకిట్లోనే నిలబడి ఉంది, పక్కన ఫోన్ పట్టుకుని కొడుకు. ఆమె గంప మీద ఆకు తీసి, అడుగు నుంచి ఒక ఓళిగ లాగి, విరిచి, వాసన చూసి, నోట్లో పెట్టుకుంది. నేను ఆమె దవడ వైపే చూస్తున్నాను. నమిలి, మింగి, కొడుకు వైపు తిరిగింది.

"బెంగళూరోల్లకు వద్దని చెప్పు. మీ అక్క ఇంట్లో గృహప్రవేశానికి గూడా ఈయమ్మే."

ఆటోలో ఉన్న ఆపా అక్కడినుంచే చప్పట్లు కొట్టింది.

మరుసటి రోజు వడ్డనకు కూడా రమ్మని పెద్దామె అంటే పోయి, పెళ్ళి భోజనాల్లో నేను వంటింటి గుమ్మం దగ్గర నిలబడి చూసుకుంటున్నాను. మా ఆయన ఓళిగలు వడ్డిస్తున్నాడు, వెనకే మా అన్న నెయ్యి పోస్తున్నాడు. పంక్తి నడుమ పెళ్ళికూతురు మేనమామ ఒకాయన, అప్పటిదాకా ఫోన్‌లో వార్తలు చూసుకుంటున్నవాడు, తలెత్తి వీళ్ళిద్దరినీ ఆపాడు.

"మీరు పేపర్లు చదివేటోల్ల మాదిరుండారే. చెప్పండప్పా, గ్యాసు ఉండాదా ల్యాదా? ఈడొకడు ఉండాదంటాడు, ఇంగొకడు ల్యాదంటాడు."

మా ఆయన నోరు తెరిచాడు. మా అన్నా తెరిచాడు. అంతమంది చుట్టాల ముందు ఇప్పుడు మొదలైపోతుందనుకున్నాను. ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. మా ఆయనే ముందు నోరు మూశాడు.

"నాకేం తెల్సప్పా? నేను పేపరు చదివినోన్ని, అంతే. ఆమెనడుగు, గోడౌను కాడికి పోయి సూసొచ్చింది."

"అవు మామా," అన్నాడు మా అన్న, "మా చెల్లెలు ఏం జెప్తే అదే."

పంక్తి పంక్తంతా నా వైపు తిరిగింది. నా పెళ్ళి రోజు కూడా అంతమంది ఒక్కసారిగా నన్ను చూడలేదు. నేను కొంగుతో చేతులు తుడుచుకున్నాను. మాట గట్టిగా, నిండుగా వచ్చింది.

"గ్యాసు వస్తాండాది. ముందు మాదిరి దినామూ రాల్యా, దినం మార్చి దినం సగం లోడు వస్తాండాది. ధర పెరిగిండాది, అది అబద్ధం గాదు. మంచం కింద దాంచిపెట్టుకునేంత కరువు ల్యాదు, బుక్ చెయ్యకుండా కూచ్చునేంత సుఖమూ ల్యాదు. ఇది నేను సోమవారం సూసింది. ఈ పొద్దు సంగతి నాకు తెల్దు. యుద్ధం ఎప్పుడు నిలుస్తాదో అదీ నాకు తెల్దు. తెల్దు గాబట్టి తెల్దని చెప్తాండా."

ఆ పెద్దమనిషి నన్ను ఎగాదిగా చూశాడు. ఆ మాటలో ఎక్కడైనా పార్టీ ఉందేమోనని వెతుకుతున్నట్టున్నాడు. దొరకలేదు. ఫోన్ బోర్లా పెట్టి, విస్తరి ముందుకు జరిపాడు.

"ఇంగొక ఓళిగ వెయ్యమనమ్మా," అన్నాడు, "మల్లా ఎప్పుడన్నా గోడౌను కాడికి పోతే నాకొక ఫోన్ చెయ్యి."